యూనిట్ – 7: ఆరోగ్యకరమైన ఆహారంలో నూనెలు, కొవ్వుల స్థానం

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 కొవ్వు అంటే ఏమిటి?
7.3 శరీరానికి కొవ్వుతో పని ఏమిటి?
7.4 కొవ్వుకు చెడ్డపేరు ఎలా వచ్చింది?
7.5 రోజుకు ఎంత?
7.6 ఏ నూనె?
7.7 వంటగదిలో పాటించవలసినవి
7.8 అందరికీ ఒకే లెక్క సరిపోతుందా?
7.9 సారాంశం
7.10 ముఖ్య పదాలు
7.11 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు
7.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
• కొవ్వు ఆమ్లాలలోని రకాలను గుర్తించి, వాటి మధ్య తేడాలు చెప్పగలుగుతారు.
• శరీరంలో కొవ్వు నిర్వహించే పనులను వివరించగలుగుతారు.
• కొవ్వుకు, గుండె జబ్బుకు గల సంబంధంపై జరిగిన ముఖ్య పరిశోధనలను, వాటి పరిమితులను అంచనా వేయగలుగుతారు.
• మీ కుటుంబానికి నెలకు ఎంత నూనె తగునో లెక్క కట్టగలుగుతారు.
• నూనె ఎంపిక, వాడకం, నిలవ గురించి సహేతుకమైన సలహా ఇవ్వగలుగుతారు.

7.1 పరిచయం

గత యూనిట్లలో పిండిపదార్థాల గురించి, మాంసకృత్తుల గురించి తెలుసుకున్నారు. ఈ యూనిట్‌లో మూడో స్థూల పోషకమైన కొవ్వును గురించి తెలుసుకుందాం. మిగిలిన రెండు పోషకాల విషయంలో లేని చిక్కు ఒకటి ఇక్కడ ఉంది. అన్నం అసలే తినవద్దని గాని, పప్పు పూర్తిగా మానమని గాని సాధారణంగా ఎవరూ అనరు. నూనె విషయంలో మాత్రం రెండు విపరీత ధోరణులు మన తెలుగు నాట బాగా ప్రచారంలో ఉన్నాయి. నూనె చుక్క కూడా వాడకుండా వండుకుంటే జబ్బులన్నీ పోతాయని కొందరు చెబుతారు. అన్నం మానేసి కొబ్బరి నూనె, నెయ్యి పెద్ద మొత్తాల్లో తీసుకుంటే మధుమేహం పోతుందని మరికొందరు చెబుతారు. ఈ రెండింటినీ నమ్మి ఆచరించినవారు మీ వీధిలోనే ఉండవచ్చు.

ఇది కేవలం అభిరుచికి సంబంధించిన విషయం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఐదో విడత) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 36 శాతం, తెలంగాణలో సుమారు 30 శాతం మహిళలు అధిక బరువుతో గాని, స్థూలకాయంతో గాని ఉన్నారు. అదే సర్వే ప్రకారం ఈ రెండు రాష్ట్రాలలో అయిదేళ్ల లోపు పిల్లల్లో దాదాపు ముగ్గురిలో ఒకరు వయసుకు తగిన ఎత్తు పెరగలేదు. అధిక బరువు గల తల్లి, ఎదగని బిడ్డ ఒకే ఇంట్లో ఉండవచ్చు. నూనె తగ్గించవలసిన వ్యక్తి, నూనె చేర్చవలసిన వ్యక్తి ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేస్తున్నప్పుడు, “నూనె మంచిదా, చెడ్డదా?” అనే ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకదు. ఎవరికి, ఎంత, ఏ రకం, ఎలా వండినది అనే నాలుగు ప్రశ్నలుగా దాన్ని విడగొట్టుకోవాలి. ఈ యూనిట్ చేసే పని అదే.

7.2 కొవ్వు అంటే ఏమిటి?

7.2.1 నిర్మాణం

మనం తినే నూనెలు, కొవ్వులు ప్రధానంగా ట్రైగ్లిసరైడ్లు. ఒక గ్లిసరాల్ అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు చేరితే ఒక ట్రైగ్లిసరైడ్ ఏర్పడుతుంది. సాధారణ ఉష్ణోగ్రత వద్ద ద్రవంగా ఉంటే నూనె అంటాం, గడ్డకట్టి ఉంటే కొవ్వు అంటాం. రసాయనికంగా రెండూ ఒకే కోవకు చెందినవి.

కొవ్వు ఆమ్లం అంటే కార్బన్ పరమాణువుల గొలుసు. ఆ గొలుసులో ద్విబంధాలు ఎన్ని ఉన్నాయనే దాన్ని బట్టి కొవ్వు ఆమ్లాలను మూడు రకాలుగా విభజిస్తారు.

అ) సంతృప్త కొవ్వు ఆమ్లాలు: వీటిలో ద్విబంధాలు ఉండవు. గొలుసులు తిన్నగా ఉండి ఒకదాని పక్కన ఒకటి ఒత్తుగా అమరుతాయి. అందుకే నెయ్యి గడ్డకడుతుంది, చలికాలంలో కొబ్బరి నూనె పేరుకుంటుంది.

ఆ) ఏక అసంతృప్త కొవ్వు ఆమ్లాలు: వీటిలో ఒక ద్విబంధం ఉంటుంది. ఓలియిక్ ఆమ్లం దీనికి ఉదాహరణ. వేరుశనగ నూనెలోను, ఆలివ్ నూనెలోను ఇది ఎక్కువ.

ఇ) బహు అసంతృప్త కొవ్వు ఆమ్లాలు: వీటిలో రెండు లేదా అంతకు మించి ద్విబంధాలు ఉంటాయి. ద్విబంధం స్థానాన్ని బట్టి వీటిని ఒమేగా–6, ఒమేగా–3 అని రెండు కుటుంబాలుగా విభజిస్తారు. పొద్దుతిరుగుడు నూనెలోని లినోలియిక్ ఆమ్లం ఒమేగా–6 కుటుంబానికి, అవిసె గింజలలోని ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఒమేగా–3 కుటుంబానికి చెందుతాయి.

ప్రకృతిలోని ఏ నూనెలోనూ ఒకే రకం కొవ్వు ఆమ్లం ఉండదు. ప్రతి నూనె ఈ మూడింటి మిశ్రమమే. వాటి పాళ్లు మాత్రం మారుతాయి.

7.2.2 ట్రాన్స్ కొవ్వులు

ద్రవ నూనెలోకి హైడ్రోజన్‌ను పంపి గట్టిపరచే ప్రక్రియను హైడ్రోజనీకరణం అంటారు. ఈ ప్రక్రియ పాక్షికంగా జరిగినప్పుడు కొన్ని ద్విబంధాల ఆకృతి మారి ట్రాన్స్ కొవ్వు ఆమ్లాలు ఏర్పడతాయి. మన దేశంలో వనస్పతి అనే పేరుతో అమ్మినది ఇలా తయారైనదే. 1937లో మార్కెట్లోకి వచ్చిన డాల్డా ఎంతగా వాడుకలోకి వచ్చిందంటే, ఆ తరవాత ఏ వనస్పతినైనా ఆ పేరుతోనే పిలిచారు. నెయ్యికి చవకైన ప్రత్యామ్నాయంగా అది మిఠాయి దుకాణాలలోను, బేకరీలలోను స్థిరపడింది.

7.2.3 కనిపించే కొవ్వు, కనిపించని కొవ్వు

మూకుడులో పోసే నూనె, అన్నంలో వేసుకునే నెయ్యి, రొట్టె మీద రాసుకునే వెన్న కనిపించే కొవ్వు. పాలు, గుడ్డు, మాంసం, వేరుశనగ గింజలు, కొబ్బరి, నువ్వులు, చివరకు బియ్యం, పప్పులలో కూడా సహజంగా ఉండేది కనిపించని కొవ్వు. “మేం నూనె వాడం కాబట్టి కొవ్వు తినం” అనేవారు ఈ రెండో భాగాన్ని మరిచిపోతారు. పల్లీల పచ్చడితో ఇడ్లీ తిన్నా, నువ్వుల పొడితో అన్నం తిన్నా కొవ్వు తిన్నట్టే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. సంతృప్త, అసంతృప్త కొవ్వు ఆమ్లాల మధ్య నిర్మాణపరమైన తేడా ఏమిటి?
2. కనిపించని కొవ్వుకు మూడు ఉదాహరణలు ఇవ్వండి.

7.3 శరీరానికి కొవ్వుతో పని ఏమిటి?

7.3.1 ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు

కొవ్వు కేవలం శక్తినిచ్చే పదార్థమని, అవసరమైతే శరీరం దాన్ని పిండిపదార్థాల నుంచి తయారుచేసుకోగలదని ఒకప్పుడు భావించారు. 1929లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జార్జ్ బర్, మిల్‌డ్రెడ్ బర్ దంపతులు ఈ భావనను మార్చివేశారు. వారు ఎలుకలకు అప్పటికి తెలిసిన విటమిన్లన్నీ ఇస్తూ, కొవ్వును మాత్రం పూర్తిగా తొలగించిన ఆహారం పెట్టారు. ఎలుకల చర్మం పొలుసులుగా లేచింది, తోకలు దెబ్బతిన్నాయి, పెరుగుదల ఆగింది, చివరికి అవి చనిపోయాయి. లినోలియిక్ ఆమ్లం కొద్దిగా అందించినప్పుడు కోలుకున్నాయి. శరీరం సొంతంగా తయారుచేసుకోలేని కొవ్వు ఆమ్లాలు ఉన్నాయని దీనితో రుజువైంది. లినోలియిక్, ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లాలను నేడు ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు అంటున్నాం. కణత్వచాల నిర్మాణానికి, రక్తం గడ్డకట్టడాన్ని, వాపును నియంత్రించే పదార్థాల తయారీకి ఇవి కావాలి.

7.3.2 విటమిన్ల శోషణ

ఎ, డి, ఇ, కె విటమిన్లు కొవ్వులో మాత్రమే కరుగుతాయి. ఆకుకూరలలోని బీటా కెరోటిన్‌ను శరీరం విటమిన్ ‘ఎ’గా మార్చుకోవాలంటే ముందు అది పేగులలో శోషణ చెందాలి. ఆ పనికి కొవ్వు కావాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పిల్లలకు పాలకూర పెట్టి చేసిన అధ్యయనాన్ని 1980లో ప్రచురించారు. ఆకుకూరతోపాటు కొద్దిపాటి కొవ్వు కూడా అందిన పిల్లల రక్తంలో విటమిన్ ‘ఎ’ మెరుగుదల ఎక్కువగా కనిపించింది. తోటకూర వేపుడులో, పాలకూర పప్పులో వేసే తాలింపు రుచి కోసమే కాదని దీన్ని బట్టి గ్రహించండి. నూనె చుక్క లేకుండా ఉడికించిన ఆకుకూరలోని పోషకంలో కొంత భాగం మనకు అందకుండానే పోతుంది.

7.3.3 శక్తి

ఒక గ్రాము పిండిపదార్థం లేదా మాంసకృత్తు 4 కిలోకేలరీల శక్తినిస్తే, ఒక గ్రాము కొవ్వు 9 కిలోకేలరీలు ఇస్తుంది. ఇది కొవ్వుకు గల బలం, బలహీనత కూడా. చిన్న పొట్ట గల పసిబిడ్డకు ఇది వరం. రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగికి ఇదే చేటు. తల్లిపాలలోని శక్తిలో దాదాపు సగం కొవ్వు నుంచే వస్తుందనే విషయాన్ని ఇక్కడ గుర్తుంచుకోండి.

7.4 కొవ్వుకు చెడ్డపేరు ఎలా వచ్చింది?

7.4.1 ఏడు దేశాల అధ్యయనం

అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ నాయకత్వంలో 1958లో ‘ఏడు దేశాల అధ్యయనం’ మొదలైంది. అమెరికా, ఫిన్లాండ్, నెదర్లాండ్స్, ఇటలీ, యుగోస్లావియా, గ్రీస్, జపాన్ దేశాలలో 40 నుంచి 59 ఏళ్ల వయసు గల పన్నెండు వేలకు పైగా పురుషులను ఏళ్ల తరబడి పరిశీలించారు. వెన్న, పాల కొవ్వు ఎక్కువగా తినే తూర్పు ఫిన్లాండ్‌లో గుండెపోటు మరణాలు చాలా ఎక్కువ. గ్రీస్‌కు చెందిన క్రీట్ దీవిలో చాలా తక్కువ.

విద్యార్థులు ఇక్కడ ఒక అంశాన్ని జాగ్రత్తగా గమనించాలి. క్రీట్ ప్రజలు తక్కువ కొవ్వు తినేవారు కారు. వారికి అందే శక్తిలో సుమారు 40 శాతం కొవ్వు నుంచే వచ్చేది. అయితే అందులో అధిక భాగం ఆలివ్ నూనె. అంటే ఈ అధ్యయనం వేలెత్తి చూపింది మొత్తం కొవ్వును కాదు, సంతృప్త కొవ్వును. అయినా జనంలోకి వెళ్లేసరికి అది “కొవ్వు చెడ్డది” అనే రెండు మాటలుగా కుదించుకుపోయింది. పైగా ఇది పరిశీలనాత్మక అధ్యయనం. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని తేల్చలేం. క్రీట్ రైతులు కాయకష్టం చేసేవారు, కూరగాయలు విరివిగా తినేవారు అనే విషయాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

7.4.2 కొవ్వు తగ్గిస్తే ఏమైంది?

కారణాన్ని తేల్చాలంటే ప్రయోగం చేయాలి. అమెరికాలో ‘మహిళల ఆరోగ్య కార్యక్రమం’ పేరిట 48,000 మందికి పైగా మహిళలతో అలాంటి ప్రయోగం జరిగింది. వారిలో ఒక వర్గానికి కొవ్వు బాగా తగ్గించి, కూరగాయలు, పండ్లు, ధాన్యాలు పెంచమని శిక్షణ ఇచ్చారు. మరొక వర్గం తమ అలవాటు ప్రకారమే తిన్నది. సగటున ఎనిమిదేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం కొవ్వు తగ్గించినంత మాత్రాన గుండె జబ్బు చెప్పుకోదగినంతగా తగ్గలేదు.

దీనికి కారణం తెలుసుకోవాలంటే తీసేసిన కొవ్వు స్థానంలో ఏం చేరిందో చూడాలి. సంతృప్త కొవ్వు స్థానంలో బహు అసంతృప్త కొవ్వు చేరితే గుండె జబ్బు ముప్పు తగ్గుతుందని అనేక ప్రయోగాలు తెలిపాయి. 2017లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాటిని సమీక్షించి ఇదే చెప్పింది. కాని ఆ స్థానంలో తెల్ల అన్నం, మైదా, చక్కెర చేరితే ప్రయోజనం ఉండదు. రక్తంలో ట్రైగ్లిసరైడ్లు పెరుగుతాయి, మేలు చేసే హెచ్.డి.ఎల్. కొలెస్ట్రాల్ తగ్గుతుంది.

ఇది మనకు ప్రత్యేకంగా వర్తిస్తుంది. మన భోజనంలో అన్నానిది ఇప్పటికే పెద్ద వాటా. నూనె పూర్తిగా మానేసిన వ్యక్తి ఆకలి తీరక మరో రెండు గరిటెల అన్నం పెట్టుకుంటే, ఒక సమస్యను వదిలించుకుని మరొకదాన్ని తెచ్చుకున్నట్టే.

7.4.3 ట్రాన్స్ కొవ్వుపై తీర్పు

సంతృప్త కొవ్వు విషయంలో పరిమితిపై చర్చ కొనసాగుతున్నా, ట్రాన్స్ కొవ్వు విషయంలో వాదానికి తావు లేదు. అది చెడ్డ కొలెస్ట్రాల్ (ఎల్.డి.ఎల్.) పెంచి, మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుందని 1990లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు మెన్సింక్, కటాన్ చూపించారు. మన దేశంలో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నూనెలు, కొవ్వులలో ట్రాన్స్ కొవ్వు పరిమితిని 2021లో 3 శాతానికి, 2022 జనవరి నుంచి 2 శాతానికి తగ్గించింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. క్రీట్ దీవి ఉదాహరణ మనకు నేర్పే పాఠం ఏమిటి?
4. కొవ్వు స్థానంలో శుద్ధి చేసిన పిండిపదార్థాలు చేరితే రక్తంలో వచ్చే మార్పులు ఏవి?

7.5 రోజుకు ఎంత?

7.5.1 సిఫారసులు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల ప్రకారం పెద్దలు తీసుకునే శక్తిలో కొవ్వు వాటా 30 శాతం లేదా అంతకు తక్కువ ఉండాలి. సంతృప్త కొవ్వు వాటా 10 శాతాన్ని, ట్రాన్స్ కొవ్వు వాటా 1 శాతాన్ని మించరాదు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలలో, రోజుకు 2,000 కిలోకేలరీల ఆహారంలో కనిపించే కొవ్వు 27 గ్రాములు ఉండవచ్చని సూచించింది. అదే పళ్లెంలో 250 గ్రాముల ధాన్యాలు, 85 గ్రాముల పప్పులు లేదా గుడ్లు, మాంసం, 35 గ్రాముల గింజలు, 300 మిల్లీలీటర్ల పాలు, కూరగాయలు, పండ్లు కూడా ఉన్నాయి. సూచన సున్నా గ్రాములు కాదని గమనించండి.

7.5.2 లెక్క కట్టి చూద్దాం

ఈ రెండు సంస్థల సిఫారసులు ఒకదానితో ఒకటి సరిపోతాయో లేదో మనమే పరీక్షించవచ్చు. ఆ పళ్లెంలోని కొవ్వు సుమారుగా ఇలా ఉంటుంది.

ధాన్యాలు 250 గ్రా. – 5 గ్రా.
పప్పులు 85 గ్రా. – 2 గ్రా.
గింజలు 35 గ్రా. – 16 గ్రా.
పాలు 300 మి.లీ. – 10 గ్రా.
కనిపించని కొవ్వు మొత్తం – 33 గ్రా.
కనిపించే కొవ్వు – 27 గ్రా.
మొత్తం – 60 గ్రా.

60 గ్రాములను 9తో గుణిస్తే 540 కిలోకేలరీలు. ఇది 2,000లో 27 శాతం. అంటే 30 శాతం పరిమితికి లోపలే ఉంది.

7.5.3 గ్రాముల నుంచి నూనె డబ్బాకు

ఒక టీస్పూను నూనె 5 మిల్లీలీటర్లు. దాని బరువు దాదాపు 4.5 గ్రాములు. కాబట్టి 27 గ్రాములంటే రోజుకు ఆరు టీస్పూన్లు. నలుగురు పెద్దలున్న ఇంటికి నెలకు 27 × 4 × 30 = 3,240 గ్రాములు. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది కాబట్టి ఇది మూడున్నర లీటర్ల పైచిలుకు.

ఈ మూడున్నర లీటర్లలో నూనె ఒక్కటే కాదు, నెయ్యి కూడా ఉంది. ఆవకాయ జాడీలో పైకి తేలే నువ్వుల నూనె ఉంది. సాయంత్రం బండి దగ్గర తిన్న మిర్చి బజ్జీ, పునుగులు, పెళ్లి భోజనంలోని గారెలు పీల్చుకున్న నూనె కూడా ఉంది. ఇంట్లో మూడున్నర లీటర్లు వాడి, బయట విడిగా తింటే లెక్క దాటిపోయినట్టే.

కృత్యం: వచ్చే నెల ఒకటో తేదీన మీ ఇంట్లో ఉన్న నూనె, నెయ్యి కొలిచి రాసుకోండి. నెలలో కొన్నది దానికి కలపండి. నెలాఖరున మిగిలినది తీసివేయండి. వచ్చినదాన్ని ఇంట్లోని మనుషుల సంఖ్యతోను, 30తోను భాగించండి. ఇంటికి వచ్చిన చుట్టాలను, పండగ పిండివంటలను విడిగా నమోదు చేయండి. వచ్చిన అంకెను 27 గ్రాములతో పోల్చి, మీ పరిశీలనను అర పుటలో రాయండి. ఇల్లాలిని తప్పు పట్టడానికి ఈ కృత్యం ఉద్దేశించినది కాదు. లెక్క తెలిస్తే ఎక్కడ తగ్గించవచ్చో ఇంటిల్లిపాదీ కలిసి నిర్ణయించుకోగలరు.

7.6 ఏ నూనె?

7.6.1 కొవ్వు ఆమ్లాల పాళ్లు

కింది పట్టిక మనం వాడే నూనెలలోని కొవ్వు ఆమ్లాల శాతాలను సుమారుగా చూపుతుంది. విత్తన రకాన్ని, నేలను, వాతావరణాన్ని బట్టి ఇవి కొంత మారుతాయి.

| నూనె / కొవ్వు | సంతృప్త | ఏక అసంతృప్త | బహు అసంతృప్త |
|---|---|---|---|
| వేరుశనగ | 20 | 48 | 32 |
| నువ్వులు | 15 | 41 | 44 |
| పొద్దుతిరుగుడు | 12 | 24 | 64 |
| తవుడు | 22 | 42 | 36 |
| ఆవ | 7 | 65 | 28 |
| సోయా | 15 | 24 | 61 |
| పామ్ | 50 | 40 | 10 |
| కొబ్బరి | 91 | 7 | 2 |
| నెయ్యి | 65 | 31 | 4 |

పట్టిక చూస్తే ఏ ఒక్క నూనె అన్ని విధాలా సంపూర్ణం కాదని తెలుస్తుంది. పొద్దుతిరుగుడు నూనెలో ఒమేగా–6 పుష్కలం, ఒమేగా–3 దాదాపు లేదు. ఆవ నూనెలోను, సోయా నూనెలోను ఒమేగా–3 కొంత ఉంటుంది. తవుడు నూనెలో ఒరిజనాల్, నువ్వుల నూనెలో సెసమిన్ వంటి మేలు చేసే పదార్థాలు ఉంటాయి. అందుకే ఒకే నూనెకు కట్టుబడకుండా రెండు మూడు రకాలు మార్చి మార్చి వాడమని పోషకాహార శాస్త్రవేత్తలు సలహా ఇస్తారు. వేపుడుకు వేరుశనగ లేదా తవుడు నూనె, పచ్చళ్లకు, పొడులకు నువ్వుల నూనె వాడే మన ఇళ్ల అలవాటులోనే ఈ సలహా ఇమిడి ఉంది. ఒమేగా–3 కోసం అవిసె గింజల పొడి, మాంసాహారులైతే చేపలు చేర్చుకోవచ్చు.

7.6.2 నెయ్యి, కొబ్బరి నూనె

2,000 కిలోకేలరీలలో 10 శాతం అంటే 200 కిలోకేలరీలు, అంటే సుమారు 22 గ్రాముల సంతృప్త కొవ్వు. రోజుకు నాలుగు టీస్పూన్ల వేరుశనగ నూనె, రెండు టీస్పూన్ల నెయ్యి వాడే వ్యక్తిని తీసుకుందాం. నూనె నుంచి 3.6 గ్రాములు, నెయ్యి నుంచి సుమారు 6 గ్రాములు, పాల నుంచి మరో 6, గింజల వంటివాటి నుంచి 3 లేదా 4 గ్రాములు వస్తాయి. మొత్తం 20 గ్రాముల లోపే. కాబట్టి ఆరోగ్యవంతుడు పప్పన్నంలో చెంచా నెయ్యి వేసుకోవడం దోషం కాదు. మొత్తం కొవ్వులో అది ఒక భాగంగా ఉండాలంతే.

అదే 27 గ్రాములూ కొబ్బరి నూనె అయితే దాని నుంచే 24 గ్రాముల పైన సంతృప్త కొవ్వు వచ్చి పరిమితి దాటుతుంది. కొబ్బరి నూనె ఎల్.డి.ఎల్.ను పెంచుతుందని ప్రయోగాలలో తేలింది. దాన్ని ఔషధంగా భావించి గ్లాసులతో తాగమనే సలహాకు శాస్త్రీయ ఆధారం లేదు.

7.6.3 లేబుల్ చదవడం

“కొలెస్ట్రాల్ లేదు” అని నూనె ప్యాకెట్ల మీద పెద్ద అక్షరాలలో కనిపించేది. అది అబద్ధం కాదు, ఉపయోగమూ లేదు. కొలెస్ట్రాల్ జంతు సంబంధ ఆహారంలో ఉంటుంది. ఏ విత్తన నూనెలోనూ అది లెక్కించదగినంత ఉండదు. చూడవలసినవి సంతృప్త కొవ్వు ఎంత, ట్రాన్స్ కొవ్వు ఎంత, తయారైన తేదీ ఏది అనేవి. బిస్కెట్లు, పఫ్‌లు కొనేటప్పుడు “హైడ్రోజనీకృత కొవ్వు” అనే మాట ఉందేమో చూడండి.

7.6.4 గానుగ నూనె, శుద్ధి చేసిన నూనె

గానుగ నూనెలో విత్తనపు వాసన, రుచి, విటమిన్ ‘ఇ’ ఎక్కువగా నిలిచి ఉంటాయి. శుద్ధి చేసినప్పుడు వీటిలో కొంత పోతుంది, కాని పొగ లేచే ఉష్ణోగ్రత పెరుగుతుంది, నిలవ గుణం మెరుగవుతుంది. బూజు పట్టిన వేరుశనగలో ఆఫ్లటాక్సిన్ అనే విషపదార్థం ఉంటుంది. శుద్ధి ప్రక్రియలో అది తొలగిపోతుంది, గానుగలో తొలగదు. అందువల్ల గానుగ పట్టించుకునేవారు గింజలను ఏరి, బాగా ఎండినవాటినే ఇవ్వాలి. కొవ్వు ఆమ్లాల పాళ్లు మాత్రం రెండింటిలోను దాదాపు ఒకటే. గానుగ నూనె కదా అని ఎక్కువ పోసుకుంటే కేలరీలు తగ్గవు.

విడిగా అమ్మే నూనె చవకగా దొరికినా కొనవద్దు. 1998లో ఢిల్లీలో బ్రహ్మదండి గింజల నూనె కలిసిన ఆవ నూనె వాడినవారిలో శరీరం వాచే జబ్బు వ్యాపించి అనేకులు మరణించారు.

7.7 వంటగదిలో పాటించవలసినవి

మంచి నూనె కూడా వాడే తీరును బట్టి చెడిపోతుంది. ఎక్కువ వేడికి, గాలికి, తేమకు గురైనప్పుడు ద్విబంధాలున్న చోట ఆక్సీకరణం జరిగి ఆల్డిహైడ్లు వంటి హానికర పదార్థాలు ఏర్పడతాయి. మళ్లీ మళ్లీ కాచిన నూనె నల్లబడి, చిక్కబడి, నురుగు వస్తుంది. అలాంటి నూనెలో ధ్రువ పదార్థాల మొత్తం 25 శాతం మించితే వాడరాదని ఆహార భద్రత సంస్థ 2018 జూలై నుంచి నిబంధన అమలు చేస్తోంది. ఇంట్లో దాన్ని కొలిచే సాధనం ఉండదు కాబట్టి ఈ జాగ్రత్తలు పాటించండి.

1. మూకుడులోకి సీసా వంచకుండా చెంచాతో కొలిచి పోయండి. నూనె తగ్గించడానికి ఇంతకన్నా సులభమైన మార్గం లేదు.
2. నూనె పొగలు కక్కేదాకా కాయవద్దు.
3. పూరీలు, గారెలు వేయగా మిగిలిన నూనెను వడకట్టి, ఒకటి రెండు రోజుల్లో కూరల తాలింపుకు వాడండి. దాన్నే మళ్లీ వేపుళ్లకు పెట్టవద్దు. తాజా నూనెలో కలపవద్దు.
4. పొద్దుతిరుగుడు వంటి బహు అసంతృప్త నూనెలు త్వరగా ఆక్సీకరణం చెందుతాయి. ఎక్కువసేపు సాగే వేపుళ్లకు వేరుశనగ, తవుడు నూనెలు మేలు.
5. నూనెను వెలుతురు, పొయ్యి వేడి తగలని చోట మూతపెట్టి ఉంచండి. నెలకు సరిపడానే కొనండి.

7.8 అందరికీ ఒకే లెక్క సరిపోతుందా?

సరిపోదు. 27 గ్రాములు అనేది ఒక మాదిరి పళ్లెానికి చెందిన అంకె. పొలంలో నాట్లు వేసే కూలీకి, ఇటుకలు మోసే కార్మికుడికి శక్తి అవసరం ఎక్కువ కాబట్టి కొవ్వు కూడా కొంత ఎక్కువ తీసుకోవచ్చు. కూర్చుని పనిచేసేవారికి తక్కువ చాలు. శ్రమను బట్టి పెద్దలకు కనిపించే కొవ్వు 20 నుంచి 40 గ్రాముల మధ్య ఉండవచ్చు.

ఆరు నెలలు నిండి అదనపు ఆహారం మొదలుపెట్టిన బిడ్డకు నూనె లేదా నెయ్యి తప్పనిసరి. పలచటి జావతో పొట్ట నిండుతుంది గాని శక్తి అందదు. మెత్తగా చేసిన పప్పన్నంలో ఒక చెంచా నెయ్యి లేదా నూనె కలిపితే పరిమాణం పెరగకుండానే 40 కిలోకేలరీలు అదనంగా అందుతాయి. పెద్దల బరువు తగ్గించే నియమాన్ని రెండేళ్ల లోపు పిల్లలకు వర్తింపజేయడం వారి ఎదుగుదలకు హాని.

గుండె జబ్బు, మధుమేహం ఉన్నవారు సంతృప్త కొవ్వును మరింత తగ్గించవలసి రావచ్చు. పిత్తాశయ, క్లోమ వ్యాధులు ఉన్నవారికి కొవ్వు అరుగుదలే కష్టం. వీరందరూ వైద్యుని, ఆహార నిపుణుల సలహా పాటించాలి. మరొక మాట. ఏ ఆహార నియమం మొదలుపెట్టినా, చక్కెర జబ్బు మందులు, కొలెస్ట్రాల్ మందులు సొంతంగా ఆపవద్దని మీ చుట్టుపక్కల వారికి చెప్పండి. పోషకాహారం చదివిన విద్యార్థిగా ఈ మాట చెప్పే బాధ్యత మీ మీద ఉంది.

7.9 సారాంశం

నూనెలు, కొవ్వులు ఆరోగ్యకరమైన ఆహారంలో భాగమే. ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు, విటమిన్ల శోషణ, శక్తి కోసం అవి కావాలి. గుండె జబ్బు విషయంలో మొత్తం కొవ్వు కన్నా దాని రకం, దాని స్థానంలో చేరే ఆహారం ముఖ్యం. ట్రాన్స్ కొవ్వును పూర్తిగా మానాలి, సంతృప్త కొవ్వును పరిమితం చేయాలి. 2,000 కిలోకేలరీల ఆహారంలో కనిపించే కొవ్వు రోజుకు 27 గ్రాములు, అంటే ఆరు టీస్పూన్లు. ఒకే నూనె కాకుండా రకాలు మార్చి వాడడం, పదేపదే కాచకపోవడం, వయసును, శ్రమను బట్టి మొత్తాన్ని నిర్ణయించుకోవడం అవసరం.

7.10 ముఖ్య పదాలు

ఆవశ్యక కొవ్వు ఆమ్లాలు: శరీరం తయారుచేసుకోలేక ఆహారం ద్వారానే పొందవలసిన కొవ్వు ఆమ్లాలు.
హైడ్రోజనీకరణం: ద్రవ నూనెకు హైడ్రోజన్ చేర్చి గట్టిపరచే ప్రక్రియ.
కనిపించని కొవ్వు: ఆహార పదార్థాలలో సహజంగా ఇమిడి ఉండే కొవ్వు.
ఆక్సీకరణం: ఆక్సిజన్‌తో చర్య వల్ల నూనె చెడిపోవడం.

7.11 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానాలు

1. సంతృప్త కొవ్వు ఆమ్లాలలో ద్విబంధాలు ఉండవు. అసంతృప్త కొవ్వు ఆమ్లాలలో ఒకటి లేదా అంతకు మించి ఉంటాయి.
2. పాలు, వేరుశనగ గింజలు, గుడ్లలోని కొవ్వు.
3. కొవ్వు మొత్తం కన్నా దాని రకం ముఖ్యమని.
4. ట్రైగ్లిసరైడ్లు పెరుగుతాయి, హెచ్.డి.ఎల్. తగ్గుతుంది.

7.12 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. శరీరంలో కొవ్వు నిర్వహించే పనులను ఉదాహరణలతో వివరించండి.
2. “కొవ్వు పూర్తిగా మానితే గుండెకు మేలు” అనే అభిప్రాయాన్ని పరిశోధనల ఆధారంగా విమర్శనాత్మకంగా పరిశీలించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ట్రాన్స్ కొవ్వులు ఎలా ఏర్పడతాయి? వాటి వల్ల కలిగే హాని ఏమిటి?
2. ఒకే ఇంట్లో అధిక బరువు గల తల్లి, బరువు తక్కువగా ఉన్న ఏడాది బిడ్డ ఉన్నారు. వంటలో నూనె వాడకం గురించి ఆ ఇంటికి మీరిచ్చే సలహా ఏమిటి?
3. గానుగ నూనెను, శుద్ధి చేసిన నూనెను పోల్చండి.